పొయ్యి పక్క మంచం

లూయిస్టన్,
సెప్టెంబరు 11, 1938

అక్కా,

లూసిల్‌ని నిన్న రైలెక్కించాను. మన నదివైపు మఠానికి వెళ్తున్న ఒక సిస్టరు గారి చేతిలో పెట్టాను. ఈ ఉత్తరం కంటే ముందే అది నీ ఒళ్లో ఉంటుంది. ఏడవలేదు. నేనే ఏడిచాను.

పోయిన ఏడాది చలి మొదలవగానే దానికి నెమ్ము చేరి చచ్చి బతికింది కదా. ఈసారి ఆకులు ఇంకా రంగు మారకముందే దగ్గు మొదలైంది. నూలు మిల్లు నుంచి వచ్చేసరికి నా జుట్టులో దూది, బట్టల్లో దూది. పిల్ల పరుగున వచ్చి కావలించుకుంటుంది, వెంటనే దగ్గుతుంది. కన్నతల్లిని ముట్టుకుంటే జబ్బు చేసే పిల్లని నేనెక్కడ దాచుకోను? మంచి గాలి ఉన్నచోటికి పంపమన్నాడు డాక్టరు. మంచి గాలి అంటే నాకు మీ ఇల్లే గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. బావ నిచ్చెన మీంచి పడి మంచాన ఉన్నాక మీకు కట్టెలు కొట్టే దిక్కే లేదని కొట్టు ఫిర్మెన్ భార్య రాసింది. నువ్వు రాయలేదు. నీకెప్పుడూ అంతే, ఇల్లు కాలుతున్నా వెచ్చగా ఉందంటావు. అందుకని రైలు మీద రాక్షసి బొగ్గు పంపుతున్నాను. ఇక్కడ మేమందరం అదే కాలుస్తాం, చలికాలం అంతా సరిపోతుంది. బావ వద్దంటే, అది మీకు కాదు, లూసిల్‌కి అని చెప్పు.

ఆదివారం దాని చేత నాలుగు ముక్కలు రాయించు. నా పేరు ఎత్తితే ఏడుస్తుందేమో, ఎక్కువ ఎత్తకు.

నీ చెల్లెలు,
డెలిమా


లాన్స్‌రూజ్,
సెప్టెంబరు 24

డెలిమా తల్లీ,

నీ కూతురు బండి దిగగానే చుట్టూ చూసి, "పెద్దమ్మా, ఇక్కడ గోడలెక్కడ?" అని అడిగింది. పాపం, మిల్లు గోడలు తప్ప ఏం చూసింది కనక. నీ పేరు రోజూ తనే ఎత్తుతోంది, ఏడవడం లేదు. నువ్వు కొంచెం బాధపడాలని ఇది రాస్తున్నాను.

బక్‌వీట్ పిండి అట్లు మీ బావతో పోటీపడి తింటోంది. ఇప్పుడు దుంపలు తవ్వే సెలవులు, బడి లేదు. పిల్లలంతా చేలోనే. లూసిల్ కూడా బుట్ట పట్టుకుని పోతుంది. ఏరేది తక్కువ, బురద మోసుకొచ్చేది ఎక్కువ. చెంపలు చూస్తే నువ్వు గుర్తుపట్టవు. దగ్గు ఉంది గానీ, పిల్లికూత మానింది.

మీ బావ మంచం వంటింట్లోకి మార్చాను, పొయ్యి పక్కకి. తుంటి ఎముక అతుక్కోలేదు. అడవికి పోవాల్సిన మనిషి నా వంటకి వంకలు పెడుతూ పడుకున్నారు. నీ బొగ్గు స్టేషను నుంచి తోలించారు. ఒక పలుకు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ చెల్లెలు రాళ్లు పంపింది, పులుసు పెట్టు" అన్నారు. ఈ ఊళ్లో రైలింజను తప్ప ఎవరూ బొగ్గు తిన్నది లేదు. మాకు తాతల నాటి నుంచి కట్టెలే. అయినా నవ్వారు చూడు, అది చాలు. అడిగితే ఊరంతా తలో బండి కట్టెలు ఇస్తారు. నన్ను అడగనివ్వరు. "ఒనెజీమ్ ఇంటికి కట్టెలు ముష్టి వచ్చాయంటారు, నేను చచ్చాక అడుక్కో" అంటారు. ఆ మనిషితో ఎవరు వాదించగలరు.

నువ్వు మాత్రం వేళకి తిను. మీ కాలవ పక్కన తేమ ఎక్కువ. పునీత అన్నమ్మ నిన్ను చల్లగా చూడాలి. చలిగా కాదు.

నీ అక్క,
అల్ఫోన్సిన్


లూయిస్టన్,
అక్టోబరు 2

అక్కా,

దుంపల చేలోనా? నెమ్ము చేసిన పిల్లని తడి మట్టిలో వదిలావా? చెంపలు ఎర్రబడ్డాయని సంబరపడుతున్నావు, చలిగాలి కొట్టినా ఎర్రబడతాయి.

ఇక్కడ జ్వరాలు మొదలయ్యాయి. మా మెట్ల మీద కింది ఇంటినుంచి పై ఇంటిదాకా దగ్గులే. మగ్గాల దగ్గర సగం మంది లేరు. నేనూ ముక్కు చీదుకుంటూనే పనికి పోతున్నాను, మానేస్తే ఆ మగ్గం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

కాబట్టి చెప్పినట్టు చెయ్యి. పిల్లని చేలోకి పంపకు. మెళ్లో కర్పూరం మూట కట్టు. పడుకునే ముందు రొమ్ముకి బాతు కొవ్వు రాయి. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కు, మన ఊరి ఇళ్లలోకి గాలి ఎక్కడినుంచి వస్తుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బొగ్గు దాచుకోకు. నీ పొదుపు బుద్ధి నాకు తెలుసు, నా పిల్ల మీద పొదుపు చెయ్యకు.

కోపం కాదు, భయం. నాకు రెండూ ఒకేలా వస్తాయి.

డెలిమా


లాన్స్‌రూజ్,
అక్టోబరు 13

డెలిమా,

నీ కేకలు అందాయి. చేలోకి పంపడం మానేశాను. కర్పూరం కట్టాను. అది మూట వాసన చూసి, "పెద్దమ్మా, నేను చచ్చిపోయానా?" అంది. ఎవరి శవం దగ్గర వాసన చూసిందో.

మొదటి మంచు పడింది. బొగ్గు వెలిగించాం. రాళ్లన్నారు గానీ మీ బావే ఇప్పుడు దాన్ని పొగుడుతున్నారు. పొగ లేదు, మసి లేదు, నీలం మంట. తెల్లారేదాకా నిప్పు నిలుస్తోంది. ఆ పని ఆయనే చూసుకుంటున్నారు, నన్ను ముట్టుకోనివ్వరు. కదలలేని మనిషికి ఇంట్లో ఆ ఒక్క పని దొరికింది. ఇంటి చుట్టూ పునాదికి ఫర్ చెట్టు కొమ్మలు పేర్పించాను, కిటికీలన్నిటికీ గుడ్డలు కుక్కాను. ఇప్పుడు గడప కింద కూడా గాలి దూరదు. నువ్వొచ్చి చూసినా వంక పెట్టలేవు.

ఇంత చేసినా లూసిల్‌కి ఒంట్లో బాగాలేదు. నీకు రాయాలా వద్దా అని చూశాను. తలనొప్పి అంటుంది. పొద్దున లేవగానే వాంతి. రోజంతా తూగుతుంది. ఒళ్లు మాత్రం కాలడం లేదు. డాక్టరు వచ్చి చూసి, "ఊరంతా ఇదే జ్వరం, పడుకోబెట్టండి, వెచ్చగా ఉంచండి" అన్నాడు. ఆదివారం పూజకి పోవాలని మారాం చేస్తే బండిలో కంబళ్లు చుట్టి తీసుకుపోయాను. మరియమ్మ తల్లి దయ అనుకో, దారిలోనే ముఖం తేటపడింది. ఫిర్మెన్ భార్య ఇచ్చిన రొట్టె తింది. ఇంటికొచ్చాక సాయంత్రానికి మళ్లీ వాలిపోయింది.

నువ్వు కంగారుపడకు. అందరికీ వచ్చేదే. పిల్లి మినూ మాత్రం వంటింట్లో ఉండనంటోంది, పొయ్యి వేడి చేరని వెనక గదిలోనే పడుకుంటోంది. దానికి బొగ్గు నచ్చలేదు.

నీ అక్క,
అల్ఫోన్సిన్


లూయిస్టన్,
అక్టోబరు 19

అక్కా,

కంగారుపడకు అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? జబ్బుపడ్డ పిల్లని బండిలో గుడికి తిప్పావు. వెళ్లేటప్పుడు బాగుండి, వచ్చాక వాలిపోయిందని నువ్వే రాశావు. చలిగాలికి తిప్పితే వాలదా? మరియమ్మ తల్లి ఇంటికి రాదా, నువ్వే పిల్లని మోసుకుపోవాలా?

నేను మంచంలో పడుకుని రాస్తున్నాను. నాకూ జ్వరం వచ్చింది. లేచి నిలబడితే గోడలు తిరుగుతున్నాయి. లేకపోతే ఈ పాటికి నీ గుమ్మంలో ఉండేదాన్ని. దాన్ని ఇక్కడే ఉంచుకున్నా ఇంతకంటే ఏమయ్యేది, కనీసం నా కళ్లముందు ఉండేది. దూది ఉన్నా నా చెయ్యి ఉండేది.

ఇంక దాన్ని గుమ్మం దాటనివ్వకు. మంచం పొయ్యి పక్కకి జరుపు, బావ మంచం పక్కనే వెయ్యి. తలుపు తెరవకు. ఎవరినీ చూడ్డానికి రానివ్వకు. నిప్పు ఒక్క క్షణం ఆరనివ్వకు. ఆవపిండి పట్టు వెయ్యి. ఏడిస్తే ఏడవనీ, నీ మెత్తదనం చూపించకు. నీకు పిల్లలుంటే తెలిసేది.

ఈ మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

డెలిమా


లాన్స్‌రూజ్,
అక్టోబరు 25

డెలిమా,

నీ ఉత్తరం చదివాను. ఆ మాట గురించి ఏమీ రాయను. పిల్లలు లేరన్న సంగతి నాకు కొత్త కాదు, నాకు గుర్తుచేసేవాళ్లు ఈ ఊళ్లోనే కావలసినంత మంది ఉన్నారు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఒక్క మాట జవదాటలేదు. మంచం పొయ్యి పక్కకి జరిపాను. తలుపు సందుకి కంబళి అడ్డం పెట్టాను. ఆవపిండి పట్టుకి రొమ్ము ఎర్రగా పొంగింది. పిల్ల ఇప్పుడు ఏడవడం కూడా లేదు. బొమ్మ పక్కన పెట్టినా చెయ్యి వెయ్యదు. మొన్న రాత్రి నా పేరు అడిగింది. నేనెవరో దానికి తెలియలేదు, చెల్లీ. ఫాదర్ గారు వచ్చి నుదుట తైలం రాసి వెళ్లారు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నాకూ, మీ బావకీ కూడా అదే జబ్బు. మొదటి రోజు నుంచీ ముగ్గురికీ ఒకేసారి. పొద్దున లేస్తే తల పగిలిపోతుంది, కాళ్లు తేలిపోతాయి. కోళ్లకి మేత వెయ్యడానికి పోతే కొంచెం తగ్గుతుంది. చెబితే పిల్లని వెనక్కి పిలిపించుకుంటావని దాచాను. ఇంట్లో ఒక పిల్ల గొంతు వినబడుతోందని ఆశపడ్డాను. అంతే.

మీ బావకి మతిమరుపు వచ్చింది. మాట తడబడుతోంది. అయినా తన పని మాత్రం మరవరు. దీపం పెట్టగానే మంచంలోంచే కర్ర చాచి పొగగొట్టంలో పొగదారి మూసే రేకు బిళ్ల అడ్డంగా తిప్పేస్తారు, వాళ్ల నాన్న కట్టెలకి చేసినట్టే. ఒక్క సందు కూడా లేకుండా మూసి, "డెలిమా బొగ్గు వేడి ఒక్క పిసరు కూడా ఆకాశానికి పోనివ్వను" అంటారు. ఆ బొగ్గంటే ఆయనకి అంత గౌరవం ఇప్పుడు.

లూసిల్ నిన్నంతా ఒకటే మాట. "వెనక గదిలో మినూ దగ్గర పడుకుంటా పెద్దమ్మా." ఆ గదిలో బకెట్టులో నీళ్లు గడ్డకడుతున్నాయి. వద్దన్నాను. నువ్వు వద్దన్నావు కదా.

ఇంక నాకు చేతకాదు. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. తల్లివి.

అల్ఫోన్సిన్


లూయిస్టన్,
అక్టోబరు 28, సాయంత్రం

అక్కా, బిళ్ల తిప్పొద్దు. బిళ్ల తిప్పొద్దు. తలుపులు, కిటికీలు తెరువు. పిల్లని బయటికి తియ్యి, బావని బయటికి తియ్యి, మంచులో అయినా సరే.

కట్టెకి తిప్పొచ్చు. కట్టె అయితే పొగ వస్తుంది, కళ్లు మండి మనిషి లేస్తాడు. బొగ్గు విషం కనపడదు, వాసన రాదు. గొట్టం మూస్తే అదంతా ఇంట్లోకే వస్తుంది. ఇక్కడ మా మెట్ల మీద ఆడుకునే పిల్లలకి కూడా తెలుసు. అందరికీ తెలుసు కాబట్టి నీకు చెప్పాలని నాకు తట్టలేదు. కర్పూరం చెప్పాను, బాతు కొవ్వు చెప్పాను, ఇది చెప్పలేదు. ఒళ్లు కాలడం లేదని నువ్వు రాసినప్పుడైనా నాకు తట్టలేదు.

మిల్లు ఆఫీసులో ఫోను దగ్గర కూర్చుని రాస్తున్నాను. మగ్గం పోతుందని జ్వరంతోనే పనికి పోయాను, నీ ఉత్తరం ఇంటికి రాగానే చూశాను. అట్నుంచి అటే పరుగెత్తుకొచ్చాను. మీ ఊళ్లో ఉన్నది ఫిర్మెన్ కొట్టు ఫోను ఒక్కటే. గంట మోగుతోందట, ఎవరూ ఎత్తడం లేదట. కొట్టు మూసి ఇంటికి పోయి ఉంటాడు. తంతి ఇచ్చాను, స్టేషను పొద్దున గానీ తెరవరన్నారు. ఆపరేటరమ్మాయి మళ్లీ కలుపుతానంది. పాపం, ఎన్నిసార్లడిగినా విసుక్కోవడం లేదు.

ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో తెలియదు. చేతులు ఊరికే ఉండలేక. ఇది నీకు చేరేసరికి ఏదో ఒకటి అయిపోయి ఉంటుంది.

మంచం పొయ్యి పక్కకి జరపమన్నది నేనే కదా.

అక్కా, నువ్వు నా మాట వినకుండా ఉండి ఉంటే బాగుండు. చిన్నప్పుడు ఎన్ని మాటలు వినలేదు. ఈ ఒక్కసారి కూడా వినకుండా ఉండు.


లాన్స్‌రూజ్,
నవంబరు 2, ఆత్మల పండుగ

చెల్లీ,

లూసిల్ బతికి ఉందని ఫిర్మెన్ నీకు ఫోనులో చెప్పాడట. బావ సంగతి కూడా చెప్పానన్నాడు. ఎలా చెప్పాడో తెలియదు, వాడికి మాటలు రావు. నువ్వు జ్వరంతో రైలెక్కవద్దని నేనే చెప్పించాను. అందుకని జరిగింది నేను రాయాలి.

ఆ సాయంత్రం నీ పాత ఉత్తరం మళ్లీ తీసి చదివాను. "నీకు పిల్లలుంటే తెలిసేది" అన్న చోట ఆగిపోయాను. అదే సమయానికి లూసిల్ మళ్లీ నా నడుముకి కట్టుకున్న వంటగుడ్డ పట్టుకుని, "మినూ దగ్గర" అంది. కోపం వచ్చింది చెల్లీ. నీ మీద. ఇంత చేసినా నాకేమీ తెలియదా, కనకపోతే పిల్ల ఏం అడుగుతోందో కూడా వినబడదా అనుకున్నాను. ఉన్న కంబళ్లన్నీ చుట్టి దాన్ని ఎత్తుకుని వెనక గదిలోకి పోయాను. నడుస్తుంటే నా కాళ్లు నావి కావు. జ్ఞానం ఉండి చేసిన పని కాదు. నీ మాట తప్పాలనే చేశాను.

మీ బావని కూడా రమ్మన్నాను. నేనొక్కదాన్నీ మోయలేను, ఆయన లేవలేరు. నవ్వారు. "నీ కోపం చల్లారేదాకా అక్కడే పడుకో, గది చల్లగానే ఉందిగా. పొయ్యి నేను చూసుకుంటాను" అన్నారు. తలుపు వేసుకుంటుంటే కర్ర గొట్టానికి తగిలిన చప్పుడు వినబడింది. రోజూ వినే చప్పుడే.

పొద్దున ఫిర్మెన్ గొడ్డలితో తలుపు కొట్టేదాకా నాకు మెలకువ రాలేదు. కొట్టు తెరవగానే ఫోను మోగిందట. బండి కట్టుకోకుండా పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముందు మమ్మల్నిద్దర్నీ మంచులోకి లాగి, తర్వాత ఆయన దగ్గరికి పోయాడు. ఆయన ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. పెళ్లినాటి రంగు. నేను చాలాసేపు నిద్ర లేపుతూనే ఉన్నాను.

ఎవరిదీ తప్పు కాదని ఫాదర్ గారు అన్నారు. నేను ఇంకా అలా అనలేకపోతున్నాను, నీ గురించీ అనలేను, నా గురించీ అనలేను. కొన్నాళ్లు ఆగు. ఒకటి మాత్రం చెబుతాను. నువ్వు ఆ మాట కొట్టేసి ఉంటే నేను ఆ రాత్రి కూడా నీ మాట వినేదాన్ని. పొయ్యి పక్కనే పడుకునేవాళ్లం, ముగ్గురం.

అంత్యక్రియల నాడు ఊరంతా కట్టెలు తెచ్చారు. ఎండిన మేపుల్ కట్టెలు, ఒక్కొక్కరు ఒక్కో బండి. షెడ్డు నిండి గుమ్మం దాకా పేర్చారు. నేను ఎవరినీ అడగలేదు, ఆయన మాట దక్కింది. నీ బొగ్గు స్టేషనుకి తిప్పి పంపాను, ఇంజన్లకి పనికొస్తుంది.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. లూసిల్ చేత చదివించుకున్నాను, నా కళ్లు ఆనలేదు. అది మొదటి మాట కూడబలుక్కుని చదివి, ఆయన కర్ర తీసి వెనక గదిలో దాచేసింది. సాయంత్రం మళ్లీ తనే వచ్చి, "ఇవి కట్టెలే కదా పెద్దమ్మా, ఇప్పుడు తిప్పొచ్చు కదా, చలేస్తోంది" అంది. తిప్పొచ్చు. మన అమ్మ తిప్పింది, వాళ్లమ్మ తిప్పింది. చెయ్యి గొట్టం దాకా పోయి ఆగిపోయింది. కిటికీలో గుడ్డలు కూడా పీకేశాను, మళ్లీ కుక్కలేను. ఇద్దరం కోట్లు వేసుకునే పడుకున్నాం, మధ్యలో మినూ.

ఒంట్లో సత్తువ వచ్చాక రా. పిల్లని తీసుకుపోవడానికే రానక్కర్లేదు. ఊరికే రా.

నీ అక్క,
అల్ఫోన్సిన్

ఇంకో మాట. లూసిల్‌కి తలనొప్పి పోయింది, నా పేరు గుర్తుంది. దగ్గు మళ్లీ మొదలైంది. ఇల్లు చలిగా ఉంది కదా.